ముడుపు కట్టండి, కొండకి తర్వాత వెళ్దురు

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్ళు, లుకేమియా, అదే బ్లడ్ క్యాన్సర్. కీమో అయ్యి నిన్ననే ఇంటికి తెచ్చుకున్నాం. అత్తయ్య వెంటనే తిరుపతి వెళ్ళి మొక్కు తీర్చాలంటున్నారు, నాకేమో భయం, వద్దంటే స్వామికి కోపమొస్తుందేమోనని కూడా ఉంది. ఏం చెయ్యనండి?

జవాబు: అమ్మా, బాబు ఇంటికొచ్చాడు, ముందు అదే పెద్ద మాట. కీమో తర్వాత తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి, ఇన్ఫెక్షన్లు తేలిగ్గా అంటుకుంటాయి, అందుకే డాక్టర్ సరే అనేదాకా క్యూలైన్ల జనంలోకి వద్దు. అత్తయ్యగారి చేతే పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి ముడుపు కట్టించండి, బాబు చెయ్యి తాకించి దేవుడి గూట్లో పెట్టండి, కష్టంలో మన పెద్దవాళ్ళు చేసిందిదే, స్వామి ఆగుతాడు. తీర్థం మాత్రం కాచి చల్లార్చిన నీళ్ళతోనే. ఆ గూటి పక్కనే థర్మామీటర్ కూడా ఉంచండి, జ్వరం 100.4 ఫారన్‌హీట్‌కి చేరితే అర్ధరాత్రైనా సరే తెల్లారేదాకా చూడకుండా హాస్పిటల్‌కి వెళ్ళిపోండి. జుట్టు రాలిందని అత్తయ్య బాధపడితే మళ్ళీ వస్తుందని చెప్పండి, అప్పుడు తలనీలాలు ఇద్దురుగాని.