చలికాలంలో ఇడ్లీ పిండి పొంగట్లేదా, సోడా మాత్రం వేయకు

తమ్ముడూ, యూనివర్సిటీ కిచెన్‌లో చేరిన కొత్తలోనే 600 మందికి ఇడ్లీలు రాళ్లలా వచ్చాయి, రాత్రి రుబ్బిన పిండి పొద్దున 5కి కూడా పొంగట్లేదు అన్నావు కదా, అది నీ చేతి తప్పు కాదు, బెంగళూరు చలి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఇక్కడ 15 డిగ్రీల దాకా పడిపోతుంది, పిండికేమో 28-30 ఉండాలి. నేనూ ఇలాంటి కిచెన్‌లోనే ఆరేళ్లు చేశా, మొదటి చలికాలం సోడా గుప్పించి మేనేజ్ చేద్దామనుకున్నా, ఆ వాసనకి పిల్లలు ప్లేట్లు అలాగే వదిలేసి పోయారు 😅

రుబ్బడం సాయంత్రం 4కే మొదలుపెట్టించు. పులియబెట్టే బ్యాక్టీరియా ఎక్కువగా మినప్పప్పు మీదే ఉంటుంది, అందుకే పప్పు నానబెట్టే ముందే కడిగేసి, ఆ తర్వాత నానిన నీళ్లు పారబోయకుండా వాటితోనే రుబ్బించు (వాసనొస్తే మాత్రం వద్దు). గ్రైండర్ వేడెక్కుతుందని ఐస్ వాటర్ పోస్తుంటారు, ఈ సీజన్‌లో అది ఆపేయ్. 10 కిలోల పిండికి అరకిలో నిన్నటి పిండి వేసి చేత్తో కలపాలి. ఇంకోటి, మనవాళ్లు డ్రమ్ము తీసుకెళ్లి గ్రానైట్ నేల మీద పెట్టేస్తారు, అది వేడంతా లాగేస్తుంది, కింద గోనెసంచి వేసి, సగం వరకే నింపి, స్టీమ్ బాయిలర్ పక్కన పెట్టించు.

ఇంతకీ బియ్యం, పప్పు ఏ లెక్కన వేస్తున్నారు? 4కి 1 కంటే పప్పు తగ్గించమని స్టోర్ వాళ్లు అంటుంటే ఒప్పుకోకు.