పాయింట్ అలకు బయల్దేరే ముందు

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి శ్రావ్యకు ఆశీస్సులు.

జులైలో శ్రీలంక వెళ్తున్నావని, అరుగం బేలో సర్ఫింగ్ చేస్తావని మీ అమ్మ చెప్పింది. రుషికొండలో నిలబడటం నేర్చుకున్నావు కాబట్టి అక్కడా నిలబడతావు, దాని గురించి నాకు బెంగ లేదు. కానీ రుషికొండ వేరు, అరుగం బే మెయిన్ పాయింట్ వేరు. రుషికొండలో అడుగున ఇసుక. దిబ్బ ఎక్కడుంటే అల అక్కడ విరుగుతుంది, ఆ దిబ్బ కూడా జరుగుతూ ఉంటుంది. అందుకే పదిమంది పది చోట్ల ఉంటారు, ఎవరి అల వాళ్లది. పాయింట్ అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి నేల కొస, అక్కడ రాయి కదలదు. దక్షిణం నుంచి వచ్చే అల భూమి ముక్కును ఒరుసుకుంటూ వస్తుంది. లోతు తగ్గిన వైపు దాని నడక మందగిస్తుంది, లోతున్న వైపు అదే వేగంతో సాగుతుంది, దాంతో అల మొత్తం ఒడ్డు వైపు వంగుతుంది. అలా వంగి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వరసగా విరుగుతూ పోతుంది. ప్రతి అల కూడా దాదాపు ఒకే చోట మొదలవుతుంది కాబట్టి జనమంతా ఆ ఒక్క చోటే కూర్చుంటారు. అందుకని అక్కడ ఎక్కడ ఉండాలి, ఏ దారిన లోపలికి పోవాలి, వంతు ఎవరిది అన్నవి ముందు తెలియాలి. ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు ఇక్కడ చేయాల్సిన పని. హైదరాబాద్‌లో సముద్రం లేకపోయినా స్విమ్మింగ్ పూల్ ఉంది కదా. 25 మీటర్ల పూల్‌లో ఆగకుండా 20 పొడవులు, అంటే 500 మీటర్లు, ఈదగలగాలి. వేగం ముఖ్యం కాదు, చివరి పొడవులో కూడా ఊపిరి అదుపులో ఉండాలి. తర్వాత లోతు వైపు గోడ పట్టుకోకుండా పది నిమిషాలు తేలుతూ ఉండటం అలవాటు చేసుకో. సర్ఫింగ్‌లో నిలబడేది సెకన్లు, చేతులతో తోసుకునేది గంటలు. భుజాలూ మెడ వెనక కండరాలూ ముందు అలిసిపోతాయి. అందుకే ఇంట్లో చాప మీద బోర్లా పడుకుని ఛాతీ ఎత్తి, ఒక నిమిషం అలాగే ఉండు. రోజుకు అయిదుసార్లు చాలు. అదే చాప మీద పాప్-అప్, అంటే బోర్లా పడుకుని ఒక్క ఊపులో లేచి నిలబడటం, ఇరవై సార్లు చెయ్యి. అరచేతులు పక్కటెముకల కింద ఆనించాలి, బోర్డ్ అంచులు పట్టుకోకూడదు. అంచు పట్టుకుంటే అల మీద బోర్డ్ ఆ వైపు ఒరిగిపోతుంది. ఇంకొక్క మాట: నీళ్ల కింద ఊపిరి బిగబట్టే సాధన ఒంటరిగా ఎప్పుడూ చేయకు. గబగబా ఊపిరి పీల్చి వదిలి మునిగితే ముందస్తు సూచన ఏదీ లేకుండానే స్పృహ తప్పుతుంది. నిలువు లోతు నీళ్లలో కూడా ఇలా ప్రాణాలు పోతాయి.

అలల లెక్క చూడటం నేర్చుకో. మన ప్రగతి నగర్‌లోనే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది. హిందూ మహాసముద్రంలో అలల ఎత్తు, దిశ, సునామీ హెచ్చరిక ఆ ఆఫీసు నుంచి వెళ్తాయి. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం సంగతి చెప్తారు వాళ్లు. ఆ సూచనలో అందరూ ఎత్తు చూస్తారు, నువ్వు సెకన్లు కూడా చూడు. ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య పట్టే కాలం అది. మీటరు ఎత్తు, 7 సెకన్లు అని ఉంటే దగ్గరి గాలి లేపిన గజిబిజి అలలు. లోతు నీళ్లలో వాటి మధ్య దూరం 75 మీటర్లుంటుంది. అదే మీటరు ఎత్తు, 14 సెకన్లు అయితే ఆ దూరం 300 మీటర్లు. ఎక్కడో దక్షిణాన తుఫానులో పుట్టి, రోజుల తరబడి నడిచి వచ్చిన అల అది. లోతు తగ్గగానే రెండోది చాలా ఎక్కువ లేస్తుంది, ఎక్కువ బలంగా విరుగుతుంది. అంకెలో ఎత్తు రెండింటికీ ఒకటే కదా అని మోసపోవద్దు. సెకన్లు 12 దాటి, ఎత్తు మీటరున్నర చూపించిన రోజున మెయిన్ పాయింట్ నీది కాదు. ఆ రోజు గట్టున కూర్చుని చూడు, లేదా లోపలి వైపున్న బేబీ పాయింట్‌కు పో. దక్షిణాన పీనట్ ఫార్మ్, ఉత్తరాన విస్కీ పాయింట్ ఉన్నాయి, నేర్చుకునేవాళ్లకు అవి నెమ్మదైన చోట్లు. మొదటి రెండు రోజులు అక్కడే గడుపు.

గాలి సంగతి పతంగి ఎగరేసిన చేతులకు వేరే చెప్పక్కర్లేదు. నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తే అల ముఖం నున్నగా నిలబడుతుంది. సముద్రం మీంచి వీస్తే అల ముందే కూలి చిందరవందర అవుతుంది. ఎండెక్కే కొద్దీ సముద్రపు గాలి బలపడుతుంది, కాబట్టి తెల్లారేసరికి గట్టున ఉండాలి. జనం కూడా అప్పుడే తక్కువ. ఆటుపోట్ల తేడా అక్కడ మీటరు కూడా ఉండదు. అయినా రాయి మీద నీళ్లు పల్చగా ఉండే చోట ఆ కాస్త తేడాకే చర్మం గీరుకుంటుంది. నీళ్లు బాగా దిగిపోయిన సమయంలో దిగకు.

బోర్డ్ ఇక్కణ్ణుంచి మోసుకుపోవద్దు, అక్కడ అద్దెకు దొరుకుతాయి. నీ 55 కిలోల బరువుకు ఏడున్నర నుంచి ఎనిమిది అడుగుల పొడవు, 45 నుంచి 50 లీటర్ల ఘనపరిమాణం ఉన్న బోర్డ్ తీసుకో. అందంగా ఉందని ఆరడుగులది తీసుకుంటే ఒక్క అల కూడా అందదు, రోజంతా చేతులు నొప్పులే మిగులుతాయి. డబ్బు ఇచ్చే ముందు బోర్డ్‌ను వెలుగులోకి తెచ్చి చూడు. బొటనవేలితో పైభాగమంతా నొక్కుతూ పో. ఎక్కడైనా మెత్తగా దిగితే లోపల ఫోమ్ విడిపోయిందని అర్థం. పగులు చుట్టూ పసుపు మరక ఉంటే నీళ్లు తాగిందని అర్థం. బోర్డ్ కింద తోక దగ్గరుండే రెక్కల్లాంటి ఫిన్‌లను ఒక్కొక్కటీ పట్టుకుని ఊపు. కదిలితే అక్కడే స్క్రూ బిగించమను.

లీష్, అంటే బోర్డ్‌ను నీ కాలికి కట్టే తాడు, దాని విషయంలో మొహమాటపడకు. పొడవు బోర్డ్ అంత, లేదా కాస్త ఎక్కువ ఉండాలి. తాడు మొత్తం వేళ్ల మధ్య జారుస్తూ పో. గోరు తట్టేంత గాటు ఉన్నా వేరేది అడుగు, లాగుడు మీద తెగేది అక్కడే. బోర్డ్ తోక దగ్గర లీష్‌ను ముడేసే చిన్న దారం ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ దారం తోక అంచు దాటి బయటికి వేలాడకూడదు. దాటితే అల లాగినప్పుడు సన్నటి దారమే అంచును కోసేస్తుంది. లీష్‌కున్న వెడల్పు పట్టీ అంచు మీద ఆనేలా దారాన్ని పొట్టిగా కట్టాలి. లీష్ రెండో చివరనున్న పట్టీని వెనక కాలి చీలమండకు బిగించు. ఒంటి చేత్తో గుడ్డిగా లాగినా ఊడేలా దాని కొస బయటి వైపు ఉండాలి. రాళ్లలో లీష్ ఇరుక్కుంటే నిన్ను కాపాడేది ఆ కొసే. కాలు జారకుండా బోర్డ్ మీద రుద్దే వాక్స్ వేడి నీళ్లకు సరిపడేదే కొను. చల్లటి నీళ్ల వాక్స్ అక్కడ నెయ్యిలా కరుగుతుంది.

ఇక పాయింట్ దగ్గరికి. వెళ్లగానే దూకొద్దు. కనీసం ఇరవై నిమిషాలు గట్టున కూర్చో. అలలు గుంపులుగా వస్తాయి. ఒక సెట్‌లో మూడు నుంచి ఏడు, తర్వాత కాస్త నెమ్మది, మళ్లీ సెట్. రెండు సెట్లు చూస్తే గానీ ఆ రోజు అసలు పరిమాణం తెలియదు. నెమ్మదిగా ఉన్న అయిదు నిమిషాలు చూసి ‘చిన్నవే కదా’ అని దిగినవాళ్లే మధ్యలో దొరికిపోతారు. ఎక్కడ మొదట విరుగుతోంది, ఎవరు ఏ దారిన లోపలికి పోతున్నారు, ఎక్కడ బయటికి వస్తున్నారు అన్నవి చూడు. గట్టున నిలబడి చూస్తే ఆ అల నీ ఎడమకు పోతున్నట్టుంటుంది. బోర్డ్ మీదికి ఎక్కి ఒడ్డు వైపు తిరిగితే అది నీ కుడి. సర్ఫర్లు కుడి అల అనేది అందుకే. ఎడమ కాలు ముందు పెట్టే నీకు అది అనుకూలం, అలను చూస్తూ పోతావు.

లోపలికి వెళ్లే దారి అన్నిటికన్నా ముఖ్యం. అల విరిగే వరసకు అడ్డంగా తోసుకుపోకు. అల బలం అయిపోయే కొస దాకా గట్టు మీదే నడిచి, అక్కడి లోతు నీళ్లలోంచి చుట్టూ తిరిగి వెళ్లు. దూరం ఎక్కువ, అయినా త్వరగా చేరతావు. ఒక సెట్‌లో చివరి అల దాటిపోయిన క్షణంలో దిగి, ఆగకుండా తోసుకో. మధ్యలో ఎవరైనా అల మీద నీ మీదికే వస్తుంటే, వాళ్ల ముందున్న నున్నటి అల వైపు తప్పుకోవాలని మనసు లాగుతుంది. అది తప్పు, వాళ్లు పోవాల్సిన దారి అదే. వాళ్ల వెనక నురగలోకే పో. నురగ మొహాన కొడుతుంది, ఓర్చుకో. ఆ క్షణంలో బోర్డ్ వదిలేసి మునగడం మాత్రం చేయకు. ఎనిమిది అడుగుల బోర్డ్, ఎనిమిది అడుగుల లీష్ కలిస్తే నీ వెనకున్న మనిషికి పదహారు అడుగుల దాకా ప్రమాదం. అంచులు గట్టిగా పట్టుకుని, బోర్డ్‌తో సహా తలకిందులై, బోర్డ్ ముక్కును కిందికి లాగి, అల దాటాక మళ్లీ తిరుగు.

లోపల కూర్చున్నాక నువ్వు కదలట్లేదనిపిస్తుంది, కానీ ప్రవాహం నిన్ను పాయింట్ నుంచి కిందికి జరుపుతూనే ఉంటుంది. మన జాలర్లు నడిసముద్రంలో చోటు గుర్తుపెట్టుకునే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. గట్టున ముందొక చెట్టు, దాని వెనక ఒక ఇంటి కప్పు, రెండూ ఒకే గీతలో కనపడేలా చూసుకో. పక్క వైపు కూడా అలాంటి జంట ఒకటి పెట్టుకో. రెండు గీతలు కలిసే చోటే నీ చోటు. ప్రతి రెండు నిమిషాలకు చూసుకో, గీత తప్పితే తోసుకుంటూ వెనక్కి రా. మొదటి రోజుల్లో గుంపు మధ్యలోకి పోవద్దు. చివర, భుజం వైపు, అంటే అల ఇంకా విరగని వైపు, కూర్చుని, ముందువాళ్లు వదిలేసినవి తీసుకో. అక్కడి అల చిన్నదైనా పొడవుగా పోతుంది.

వంతు సంగతి ఒక్క మాటలో చెప్తా: విరుగుతున్న చోటికి ఎవరు దగ్గరగా ఉంటే అల వాళ్లది. కుడి అల కాబట్టి నీ ఎడమ వైపున్న మనిషిది. తోసుకోవడం మొదలుపెట్టే ముందు ఒకసారి, లేచే ముందు ఇంకోసారి ఎడమకు చూడు. అక్కడ ఎవరైనా లేచి ఉంటే ఆగిపో. చూడకుండా ముందుకు దూకడాన్ని డ్రాప్-ఇన్ అంటారు. ఎముకలు విరిగేదీ, గొడవలు అయ్యేదీ దానివల్లే. వంతు కోసం చూస్తున్నవాణ్ణి చుట్టి ముందుకు పోయి కూర్చోవడమూ మర్యాద కాదు, అల అయ్యాక వరస చివరికి రా. పొరపాటున అడ్డం పడితే వెంటనే చెయ్యెత్తి క్షమించమని చెప్పు. ఊరివాళ్లకు ఒకటి రెండు అలలు వదులు. అది వాళ్లు రోజూ దిగే నీళ్లు.

అల అందుకోవడం గురించి రెండు మాటలు. కదులుతున్న ఆర్టీసీ బస్సు ఎక్కేవాళ్లు ఏం చేస్తారు? బస్సు పోయే వైపే పరిగెత్తి, వేగం కలిశాక చెయ్యి వేస్తారు. ఇక్కడా అంతే. అల నీ కిందికి రాకముందే వేగం ఉండాలి. తోక లేచినట్టు తెలిసిన వెంటనే లేవకు, ఇంకో రెండు బారలు గట్టిగా తోసుకుని అప్పుడు లే. పడుకున్నప్పుడు బోర్డ్ ముక్కు నీళ్ల మీద నాలుగు వేళ్ల ఎత్తులో ఉండాలి. అంతకన్నా దిగితే ముక్కు గుచ్చుకుని తలకిందులవుతావు, పైకి లేస్తే అల నీ కింద నుంచి జారిపోతుంది. రుషికొండలో లాగా నేరుగా ఒడ్డు వైపు దిగొద్దు. బోర్డ్‌ను మొదటి నుంచీ కాస్త కుడికి వాలుగా పెట్టు, చూపు కూడా కుడికే. కాళ్ల వైపు చూస్తే పడతావు.

పడటం తప్పదు కాబట్టి పద్ధతిగా పడు. తల ముందుకు పెట్టి దూకొద్దు, కాళ్లు నిటారుగా దించొద్దు. వీపు మీదో పక్కకో వెడల్పుగా పడితే లోతుకు పోవు. పైకి తేలేటప్పుడు రెండు చేతులూ తల చుట్టూ పెట్టుకో, బోర్డ్ నెత్తి మీదే ఉండొచ్చు. అడుగున నిలబడాలని చూడకు. రాళ్ల సందుల్లో సీ అర్చిన్‌లు ఉంటాయి, నల్లగా, ముళ్లపంది బంతిలా చుట్టుకున్నట్టు. ముల్లు గుచ్చుకుంటే పైకి కనపడే వాటిని పట్టకారుతో తీసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు అరగంటకు పైగా పెట్టు. కీలు దగ్గర లోతుగా దిగితే డాక్టరు దగ్గరికే. రాయి గీరితే చిన్నదే కదా అని వదలకు. మంచినీళ్లతో మెత్తటి బ్రష్ పెట్టి రుద్ది కడిగి, బెటాడిన్ రాయి. లోపల రేణువు మిగిలితే వేడి ఊళ్లో రెండో రోజుకే చీము పడుతుంది. టెటనస్ ఇంజెక్షన్ ఇక్కడే వేయించుకుని వెళ్లు. పట్టకారు, బెటాడిన్, ఎండకు రాసుకునే జింక్ క్రీమ్, రాష్‌గార్డ్ అనే పొడుగు చేతుల సర్ఫింగ్ చొక్కా, ఫిన్ స్క్రూలు తిప్పే చెవి అన్నీ చేతి సంచిలోనే పెట్టుకో.

చేతులు బరువెక్కి, పాప్-అప్ రెండుసార్లు వరసగా తప్పిందంటే ఇక బయటికి రా, ‘ఇంకొక్కటి’ అనుకోకు. తిరిగి వచ్చే దారి కూడా వెళ్లిన దారే, రాళ్ల మీదికి అడ్డదారిన కాదు.

టికెట్ తేదీలు ఖాయం కాగానే నాకు ఫోన్ చెయ్యి. ఆ వారం అలల సూచన ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ మేనమామ