పద్దెనిమిది ఫైళ్లు, ఒక్క రిఫ్రెష్

ప్రశ్న: ఓ పాల డెయిరీలో అకౌంట్స్ చూస్తాను. మాకు 18 సేకరణ కేంద్రాలు, ఒక్కో కేంద్రానికి వంద మంది దాకా రైతులు. పదిహేను రోజులకోసారి 18 ఎక్సెల్ ఫైళ్లు మెయిల్‌కి వస్తాయి. తేదీ, పూట, రైతు కోడ్, లీటర్లు, ఫ్యాట్, సొమ్ము, బ్యాంకు ఖాతా నంబరు, అన్నీ అందులోనే. కాపీ, పేస్ట్ చేసి ఒక షీట్‌లోకి తెచ్చేసరికి ఒక పూట పోతోంది. పోయినసారి ఒక కేంద్రాన్ని రెండుసార్లు పేస్ట్ చేశాను, బిల్లు వెళ్లకముందే చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. ఎక్సెల్ 2019 ఉంది, మాక్రోలు రాయడం రాదు. దారి చెప్పండి.
– ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: మాక్రోలు అక్కర్లేదండీ. పవర్ క్వెరీ అని, ఫైళ్లను కలిపిపెట్టే టూల్ ఒకటి ఎక్సెల్ 2016 నుంచీ లోపలే ఉంటుంది, చాలామంది దాని జోలికే పోరు. ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్లో వేయండి. కొత్త వర్క్‌బుక్ తెరిచి డేటా, గెట్ డేటా, ఫ్రమ్ ఫైల్, ఫ్రమ్ ఫోల్డర్ అని వెళ్లి ఆ ఫోల్డర్ చూపించి, కంబైన్ అండ్ ట్రాన్స్‌ఫామ్ నొక్కండి. ఏ వరస ఏ ఫైల్లోంచి వచ్చిందో చెప్పే కాలమ్ కూడా అదే పెడుతుంది. వచ్చే పక్షం పాత ఫైళ్లు తీసి కొత్తవి వేసి రిఫ్రెష్ ఆల్ నొక్కితే చాలు. ఈ వర్క్‌బుక్‌ని మాత్రం అదే ఫోల్డర్లో సేవ్ చేయకండి, తనను తానే కలుపుకోబోతుంది.

అసలు తంటా కేంద్రాల దగ్గర ఉంటుంది. ఒకరు 'లీటర్లు' అని, ఇంకొకరు 'లీ.' అని రాస్తే ఆ రెండోవాళ్ల అంకెలు ఖాళీగా వస్తాయి, షీట్ పేరు మారితే ఏకంగా ఎర్రర్. అందుకే ఒకే ఖాళీ నమూనా మీరే తయారుచేసి అందరికీ పంపండి, శీర్షికలు మార్చొద్దని ఒకసారి గట్టిగానే చెప్పండి.

రైతు కోడ్ 0045 అయితే పవర్ క్వెరీ దాన్ని అంకె అనుకుని 45 చేసేస్తుంది. పవర్ క్వెరీలోనే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చండి. అప్పుడు అడిగే ప్రశ్నకి రీప్లేస్ కరెంట్ అనే చెప్పాలి, కొత్త స్టెప్ అంటే సున్నాలు అప్పటికే పోయి ఉంటాయి. ఖాతా నంబర్లతో ఇంకా జాగ్రత్త. ఎక్సెల్ అంకెగా 15 స్థానాలే గుర్తుపెట్టుకుంటుంది, 16 అంకెల ఖాతాని కేంద్రంలో మామూలుగా కొట్టేస్తే చివరిది సున్నా అయిపోతుంది, అలా పోయినదాన్ని ఏ టూలూ తేలేదు. నమూనాలోనే ఆ గడులు టెక్స్ట్‌గా పెట్టి పంపండి.

అడగలేదు గానీ, కలిపాక ఫ్యాట్‌కి మామూలు సగటు తీయకండి. 6 శాతంతో 10 లీటర్లు, 4 శాతంతో 90 లీటర్లు వస్తే సగటు 5 కాదు, 4.2. లీటర్లతో గుణించి కూడి, మొత్తం లీటర్లతో భాగించాలి.

పాత పక్షాలు కూడా అదే ఫోల్డర్లో ఉంచుకోవాలనిపిస్తుంది. మీ లెక్కన పక్షానికి 54 వేల వరసల దాకా వస్తాయి, షీట్‌లో పట్టేవి 10,48,576, ఏడాది తిరక్కముందే నిండుతుంది. పాతవి పక్షానికో వేరే ఫోల్డర్లోకి జరపండి.

ఇక ఆ రెండుసార్ల గొడవ. కేంద్రం వాళ్లు సరిచేసిన ఫైల్ మళ్లీ పంపితే, పాతదీ కొత్తదీ రెండూ ఫోల్డర్లో ఉంటే మళ్లీ అదే కథ. ఫైల్‌కి కేంద్రం పేరు ఒక్కటే పెట్టి సేవ్ చేయండి, తేదీలూ 'ఫైనల్ 2'లూ వద్దు. అదే పేరుతో రెండోది వేయబోతే పాతదాన్ని మార్చాలా అని కంప్యూటరే అడుగుతుంది.