చలికాలం లాయంలో గుర్రం: పొద్దున్నే కాళ్లు ఉబ్బుతున్నాయి, ఏం చేయాలి?

రైతు సందేహాలు – నిపుణుల సలహాలు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు జిల్లా. ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయికి 14 ఏళ్లు. తన కోసం కిందటి వేసవిలో కాబ్ రకం (పొట్టిగా, బలిష్టంగా ఉండే రకం) ఆడగుర్రాన్ని కొన్నాం. వయసు 11 ఏళ్లు, బరువు 450 కిలోలు. ఇంటి దగ్గర చోటు లేక నెలకింతని కట్టి లివరీ యార్డులో ఉంచాం. లాయం, పొలం వాళ్లవి. మేత వేయడం, శుభ్రం చేయడం మా పని. అక్టోబరు దాకా పగలంతా పచ్చికలో తిరిగింది. నవంబరు నుంచి రోజుకు గంటన్నర మించి వదలనివ్వడం లేదు. వాన పడితే అదీ లేదు. పొద్దున వెళ్లేసరికి వెనక కాళ్లు రెండూ ఉబ్బి ఉంటున్నాయి, కాసేపు నడిపిస్తే తగ్గుతున్నాయి. లద్దె గట్టిగా, చిన్న ఉండలుగా వస్తోంది. మేత వేళకు తలుపు మీదుగా తల బయటపెట్టి అటూ ఇటూ ఊగుతోంది. గడ్డి కూరి వేలాడదీసే వల సంచి ఉంటుంది కదా, పొద్దున ఒక వల, సాయంత్రం ఐదింటికి ఒక వల ఎండుగడ్డి వేస్తున్నాం. రెండు పూటలా కిలో చొప్పున దాణా. మా అమ్మ ఉలవలు ఉడకబెట్టి పెట్టమంటోంది. మా ఊళ్లో గేదెలు ఏడాది పొడుగునా కట్టుకొయ్య దగ్గరే ఉంటాయి, వాటికేమీ కాదు. గుర్రానికే ఎందుకిలా? యార్డు మార్చేయాలా?

జవాబు: గేదెల సంగతి ఎత్తి మంచి పని చేశారు. మీ గుర్రం కష్టమంతా అక్కడే ఉంది కాబట్టి ముందు అదే చెబుతాను.

గేదె గబగబా మేసి, వంద లీటర్లకు పైగా పట్టే పెద్ద పొట్టను నింపుకుని, తీరిగ్గా పడుకుని నెమరేస్తుంది. మేత ముందు లేకపోయినా దానికి పని ఉంటుంది. గుర్రానికి నెమరు లేదు. ఇంత పెద్ద జంతువుకు జీర్ణకోశం పది పదిహేను లీటర్లకు మించదు. గడ్డి పులిసి అరిగేది వెనక పెద్దపేగుల్లో. జీర్ణకోశంలో ఆమ్లం మాత్రం తిన్నా తినకపోయినా రాత్రింబవళ్లు ఊరుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చే లాలాజలం నమిలినప్పుడే వస్తుంది. అందుకే పొలంలో వదిలిన గుర్రం రోజులో 16 గంటల దాకా కొంచెం కొంచెంగా కొరుకుతూ, అడుగులో అడుగు వేస్తూ పోతుంది. అది తిండిపోతుతనం కాదు, దాని ఒళ్లు నడిచే తీరే అంత. పొలం దానికి పచ్చిక ఒక్కటే ఇవ్వలేదు. నోటికి పని, కాళ్లకు పని, కళ్లెదుట తోటి గుర్రాలు, ఈ మూడూ ఇచ్చింది. నవంబరులో తలుపు వేయగానే మూడూ ఒక్కసారే పోయాయి. పొలాన్ని మీరు లాయంలోకి తేలేరు కానీ, ఈ మూడింటిని చాలావరకు తేవచ్చు.

ముందు నోటి సంగతి. రోజుకు రెండు వలలు అన్నారు గానీ బరువు రాయలేదు. ఇండియా ప్రయాణం ముందు సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు మీ ఇంట్లో ఉండే ఉంటుంది. దాన్ని రేపు యార్డుకు పట్టుకెళ్లండి. గుర్రానికి రోజూ శరీర బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్ల పొడి మేత పడాలి. ఎండుగడ్డిలోనూ కాస్త తేమ ఉంటుంది కాబట్టి, మీ 450 కిలోల గుర్రానికి అది రోజుకు 8 నుంచి 10 కిలోల ఎండుగడ్డి అవుతుంది. మామూలుగా పిల్లలు కూరే వల మూడు కిలోల దగ్గర తూగుతుంది. అంటే మీది ఆరు కిలోలే కావచ్చు. సాయంత్రం ఐదింటికి వేసిన మూడు కిలోలు రాత్రి ఎనిమిది తొమ్మిదింటికల్లా అయిపోతాయి. అక్కడి నుంచి మీరు పొద్దున వెళ్లేదాకా పది గంటలు ఖాళీ పొట్ట, ఊరే ఆమ్లం, చీకటి. జీర్ణకోశంలో పుండ్లు పడేది ఇలాగే. మేత వేళకు తల ఊపడంలోనూ ఈ ఆకలికి వాటా ఉంది.

కాబట్టి ఎక్కువ గడ్డి సాయంత్రం వేయండి. సన్న కన్నుల వల కొనండి. దానిలోంచి ఒక్కో పోచా లాక్కుని తినాలి కాబట్టి అదే గడ్డి రెట్టింపు సేపు వస్తుంది. ఒక పెద్ద వలకు బదులు రెండు చిన్నవి రెండు మూలల్లో కట్టండి, ఒకదాని దగ్గర నుంచి ఇంకోదాని దగ్గరికి నడుస్తుంది. లాడాలున్న గుర్రమైతే వల ఖాళీ అయి వేలాడినా కాలు అందులో పడనంత ఎత్తులో కట్టాలి. ఈ మాట అమ్మాయికి రెండుసార్లు చెప్పండి. మామూలు గడ్డి బదులు హేలేజ్ (పూర్తిగా ఎండకముందే గాలి చొరకుండా చుట్టిన గడ్డి) వేస్తుంటే అందులో తడి ఎక్కువ, బరువు అంతకంత పెంచాలి. ఏ మార్పైనా పది పద్నాలుగు రోజుల్లో మెల్లగా చేయండి.

ఇక దాణా. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్ల సామెత. మీ ఇంట్లో జరుగుతున్నది అదే. నడక సగానికి పైగా పడిపోయింది, దాణా మాత్రం రెండు కిలోల దగ్గరే ఉంది. కాబ్‌లు గాలి పీల్చినా లావెక్కే రకం. దాణా నెమ్మదిగా తగ్గించి, ఖనిజాలు, విటమిన్లు ఉన్న బాలెన్సర్ కొద్దిగా పెడితే చాలు. పచ్చిగడ్డిలో దండిగా ఉండే విటమిన్ ఇ ఎండుగడ్డిలో నిలవదు. రోజుకు 450 నుంచి 900 యూనిట్లు అందేలా బాలెన్సర్ లేబుల్ చూసి కొనండి. అమ్మగారి ఉలవల్లో తప్పు లేదు. మన ఊళ్లలో జట్కా గుర్రాలు పొద్దుగూకులూ బండి లాగేవి కాబట్టి గుగ్గిళ్లు తిని అరిగించుకునేవి. మీ గుర్రం చేస్తున్న పని మాత్రం తలుపు దగ్గర నిలబడటమే. ఉలవచారు మీరు తాగండి.

కాళ్ల వాపు గురించి భయపడకండి, అలాగని వదిలేయకండి. గుర్రానికి మోకాలి కింద కండ అనేది దాదాపు లేదు, ఎముకా, దాన్ని పట్టి ఉంచే స్నాయువులే. కిందికి దిగిన నీటిని పైకి తోసేది అడుగు. డెక్క నేలను నొక్కి వదిలినప్పుడల్లా రసం పైకెక్కుతుంది. రాత్రంతా నిలబడితే అది కిందే ఉండిపోతుంది. రేపు పొద్దున బొటనవేలితో ఉబ్బిన చోట నొక్కి చూడండి. పచ్చి పిండి మీద నొక్కినట్టు గుంట పడి, వేడీ నొప్పీ లేకుండా, రెండు కాళ్లూ ఒకేలా ఉండి, అరగంట నడకతో దిగిపోతే అది నిలబడటం వల్ల వచ్చిన వాపే. ఒక్క కాలే ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా, కుంటుతూ ఉంటే చర్మం కింద ఇన్ఫెక్షన్ కావచ్చు. అదే రోజు వెట్‌ను (పశువైద్యుణ్ణి) పిలవాలి. కాబ్‌లకు ఇంకో చిక్కు ఉంది. కింద కాళ్లకు ఒత్తైన వెంట్రుకలుంటాయి. అలాంటి గుర్రాల్లో కొన్నింటికి ఈ వాపు ఏళ్ల మీద శాశ్వతమై, చర్మం మడతలు పడుతుంది. ఆ వెంట్రుకల్లోకి వేళ్లు పోనిచ్చి రోజూ తడమండి. పెచ్చులు, మడతలు, తడి, దురద ఏది తగిలినా వెట్‌కు చూపించండి. బురదలో తడిసిన చోట పట్టే మడ్ ఫీవర్ అనే చర్మవ్యాధి కూడా ముందు చేతికే తెలుస్తుంది, కంటికి కాదు.

లద్దె గురించి రాసినందుకు సంతోషం, చాలామంది రాయరు. గుర్రం రోజుకు 8 నుంచి 12 సార్లు లద్దె వేస్తుంది. ఉండను చేత్తో విరిస్తే సులువుగా విడిపోవాలి. గట్టిగా, పొడిగా, పైన జిగురు పూతతో ఉన్నా, లెక్క తగ్గినా పెద్దపేగులో మేత గట్టిపడుతోందని అర్థం. పచ్చిక నుంచి లాయానికి మారిన మొదటి వారాల్లో ఇది మామూలు. పచ్చిగడ్డిలో చాలా భాగం నీరే, ఎండుగడ్డి మేసేటప్పుడు ఆ నీళ్లన్నీ బకెట్లోంచి రావాలి. ఆటోమేటిక్ తొట్టి ఉంటే మూసేసి నాలుగు వారాలు బకెట్లు పెట్టండి, ఎంత తాగిందో లెక్క తెలుస్తుంది. రోజుకు 25 లీటర్లకు తగ్గకూడదు. నీళ్లు మంచులా ఉంటే గుర్రం తక్కువ తాగుతుంది, కాస్త వేడినీళ్లు కలపండి. దాణాలో ఒక పెద్ద చెంచాడు ఉప్పు కలపండి. గడ్డిని పావుగంట నానబెట్టి వేస్తే నీరూ పెరుగుతుంది, దుమ్మూ అణుగుతుంది. మూసిన లాయంలో గుర్రానికి ఉబ్బసం తెచ్చేది ఆ దుమ్మే. ఒకసారి పరుపు గడ్డి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గుర్రం పడుకున్నప్పుడు ముక్కు ఉండేంత ఎత్తులో గాలి పీల్చండి. ముక్కులో అమోనియా ఘాటెక్కితే పరుపు మార్చే పద్ధతి బాగాలేదన్నమాట.

పొట్ట వైపు తిరిగి చూసుకోవడం, ముందు కాలితో నేల గీరడం, పదేపదే పడుకుని పొర్లడం, లద్దె ఆగిపోవడం, వీటిలో ఏది కనిపించినా మేత తీసేసి వెంటనే వెట్‌కు ఫోన్ చేయండి. పొద్దున దాకా చూద్దామనుకోవద్దు.

నడక దగ్గరికొస్తే, రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి అరగంట చేత్తో పట్టుకుని నడిపించండి. అమ్మాయి స్కూలుకు వెళ్లేముందు ఒకటి మీరు, సాయంత్రం ఒకటి తను. డిసెంబరులో అక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి రోడ్డెక్కితే మెరిసే జాకెట్ ఇద్దరికీ, గుర్రానికీ కావాలి. స్వారీ చేసే రోజు మొదటి పావుగంట నడకే. ఇరవై గంటలు కదలని గుర్రం బిగుసుకుని ఉంటుంది. పనిలేని రోజున దాణా మేసి మర్నాడు పరుగెత్తించిన గుర్రానికి చెమటలు పట్టి, వెనక భాగం కర్రలా బిగిసి, మూత్రం కాఫీ రంగులో వస్తే ఒక్క అడుగు కూడా వేయించకుండా అక్కడే ఆపి వెట్‌ను పిలవాలి. పొలంలో వదిలేటప్పుడు గేటు దాటాక గుర్రాన్ని గేటు వైపు తిప్పి, అమ్మాయి గేటు పక్కకు చేరాకే తాడు విప్పాలి. తలకు హెల్మెట్, చేతికి గ్లౌజులు. గంటల తరబడి కట్టేసిన గుర్రం స్వేచ్ఛ దొరికిన మొదటి క్షణంలో వెనక కాళ్లు గాల్లోకి విసురుతుంది, ఎదురుగా ఎవరున్నారో చూసుకోదు.

తల ఊపడం అలవాటుగా ముదిరితే పోదు. తిట్టినా కొట్టినా పెరుగుతుంది. తల బయటపెట్టకుండా తలుపుకు చువ్వలు బిగిస్తే మీకు కనిపించకుండా లోపల ఊగుతుంది, అంతే. పక్క లాయం గుర్రం కనిపించేలా గోడలో జాలీ కిటికీ పెట్టనిస్తారేమో అడగండి. అదీ కుదరకపోతే పగలని యాక్రిలిక్ అద్దం. అద్దంలో ఇంకో గుర్రాన్ని చూసినట్టు చూస్తూ ఊగడం తగ్గించిన గుర్రాలున్నాయని బ్రిటన్ పరిశోధకులే చూశారు. పక్క గుర్రాలు చూసి నేర్చుకుంటాయని యార్డులో ఎవరైనా అంటే, దానికి గట్టి రుజువు లేదని చెప్పండి.

యార్డు ఓనరు మీద కోపం వద్దు. లెస్టర్ చుట్టుపక్కల నేల బరువైన బంకమట్టి. తడిసిన నల్లరేగడిలో ఎడ్లను దింపరని గుంటూరు వాళ్లకు నేను చెప్పాలా? నేల వేడి ఐదారు డిగ్రీలకు దిగితే గడ్డి పెరగదు. లాడాల డెక్కలు తొక్కిన చోట నీరు ఇంకదు, వసంతంలో గడ్డికి బదులు కలుపు మొలుస్తుంది. చలికాలం పొలం మూయడంలో వారి లెక్క ఉంది. అలాగని గుర్రం లాయంలో కుదేలవ్వడమూ న్యాయం కాదు. మీరు అడగాల్సింది పొలం గంటలు పెంచమని కాదు. స్వారీ చేసే ఇసుక ఆవరణ (అరీనా) ఖాళీగా ఉన్న వేళ గుర్రాలను విడిగా వదలనిస్తారా, కంకర పరిచిన చిన్న ఆవరణ ఒకటి ఉందా, ఒక మడిని చలికాలానికి వదిలేసుకుని మిగిలినవి కాపాడవచ్చా అని అడగండి. ఇసుకలో వదిలినప్పుడు గడ్డి నేల మీద వేయొద్దు, ఇసుక పేగుల్లో చేరుతుంది. సైకమోర్ చెట్లున్న మడైతే అసలొద్దు. ఆకురాలే కాలంలో రెక్కల గింజలు, వసంతంలో వాటి మొలకలు కండరాలను దెబ్బతీసే విషం, చాలా గుర్రాలు బతకవు. మేత లేని మడిలో ఆకలిగా ఉన్న గుర్రమే వాటిని నోట పెట్టుకుంటుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2006 నాటి జంతు సంక్షేమ చట్టం ప్రకారం గుర్రం యార్డులో ఉన్నా దాని బాగోగులకు యజమానిగా మీరే జవాబుదారీ. ఇంగ్లండ్‌లో స్వారీ నేర్పే స్కూళ్లకు లైసెన్సు కావాలి, లివరీ యార్డుకు అక్కర్లేదు. అందుకే ఏం ఇస్తారో ఒప్పందంలో రాయించుకోవడం మీ పని.

యార్డు ఇప్పుడే మార్చకండి. చలికాలం మధ్యలో కొత్త చోటు, కొత్త గుర్రాలు, కొత్త గడ్డి అంటే పొట్టకు ఇంకో టెన్షన్. నాలుగు వారాలు నేను చెప్పినట్టు చూడండి. అప్పటికీ అరీనా ఇవ్వకపోతే, తల ఊపడం పెరిగితే ఈ వేసవిలో కొత్త చోటు వెతకండి. చూడటానికి వెళ్లినప్పుడు పచ్చగా ఉన్న పొలం చూసి మురిసిపోకుండా, ఫిబ్రవరిలో మూడు రోజులు వాన పడితే గుర్రం ఎక్కడ తిరుగుతుందని అడగండి. ఆ జవాబు వారు మాటలతో సరిపెట్టకుండా చోటు చూపిస్తే సంతకం పెట్టండి. ఏప్రిల్‌లో మళ్లీ పచ్చికలో వదిలేటప్పుడు ఒక్కసారే రోజంతా వద్దు, కొత్త గడ్డిలోని చక్కెర కాబ్ డెక్కలను పాడుచేస్తుంది. అరగంటతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచండి.

ఈ వారం నుంచి రోజూ వేసిన గడ్డి కిలోలు, తాగిన లీటర్లు, లద్దె ఎన్నిసార్లు, పొద్దున వాపు ఉందా లేదా, ఈ నాలుగూ నోటుబుక్కులో అమ్మాయితో రాయించి, నెల తర్వాత నాకు పంపండి. మీరు తాళ్లూ వలలూ కొనేముందు ఆ త్రాసు బ్యాటరీ ఉందో లేదో చూసుకోండి.