ఫ్రేజ్, క్లాజ్, సిమిలీ, మెటఫర్: తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు హనుమకొండలో బీఏ ఇంగ్లిష్; ఫ్రేజ్‌కీ క్లాజ్‌కీ తేడా తెలియట్లేదు, సిమిలీ, మెటఫర్ కలిసిపోతున్నాయి అని అడిగారు. నా అనుభవంలో, బడిలో నేర్చిన తెలుగు వ్యాకరణమే ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. దాన్ని వదిలేయకండి.

ముందు క్రియ కింద గీత గీయండి. అది సమాపక క్రియ (వాక్యాన్ని పూర్తి చేసేది) అయితే ఇంగ్లిష్‌లో ఫైనైట్ వర్బ్. కర్తతో పాటు అది ఉంటే క్లాజ్, లేకపోతే ఫ్రేజ్. 'ఆఫ్టర్ రీచింగ్ కాజీపేట' ఫ్రేజ్. 'ఆఫ్టర్ ద ట్రెయిన్ రీచ్డ్ కాజీపేట' క్లాజ్. రెండూ 'ఆఫ్టర్'తోనే మొదలయ్యాయి కాబట్టి మొదటి మాట చూసి తేల్చకూడదు. 'రీచింగ్' క్రియలాగే కనిపిస్తుంది గానీ 'చేరాక' లాంటి అసమాపకం. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రెండోది క్లాజే అయినా అక్కడ ఫుల్‌స్టాప్ పెడితే వాక్యం సగంలో ఆగినట్టే. 'వుయ్ గాట్ డౌన్' లాంటి మెయిన్ క్లాజ్ తోడవ్వాలి. ఇంకొకటి: 'ఆమె టీచర్' అంటే తెలుగులో పూర్తి వాక్యం, ఇంగ్లిష్‌లో 'ఈజ్' లేకుండా కుదరదు.

సిమిలీ మన ఉపమాలంకారమే. ఉపమేయాన్ని (దేన్ని పోలుస్తున్నామో దాన్ని) టెనర్ అని, ఉపమానాన్ని (దేనితో పోలుస్తున్నామో దాన్ని) వెహికిల్ అని అంటారు. ఈ పేర్లు ఇంగ్లిష్ విమర్శకుడు ఐ.ఏ. రిచర్డ్స్ 1936లో పెట్టినవి. 'లైక్' కనబడగానే సిమిలీ అని రాయకండి. 'షీ లుక్స్ లైక్ హర్ మదర్' ఉత్త పోలిక, ఎందుకంటే ఇద్దరూ ఒకే జాతి. మెటఫర్ రూపకానికి దగ్గరే కానీ ఇంకా విశాలం: 'ద న్యూస్ ఫ్లడెడ్ ద టౌన్'లో వరద అన్న ఉపమానం పేరుగా రాలేదు, క్రియలోనే దాగింది. అదీ మెటఫరే.

అలిటరేషన్ అంటే దగ్గరదగ్గర మాటలు ఒకే ధ్వనితో మొదలవడం. దానికి అక్షరం కాదు, ధ్వని చూడాలి. స్పెల్లింగ్ 'కె'తోనే మొదలైనా నైఫ్, కింగ్ కలవవు.

ఛందస్సు దగ్గర మాత్రం తెలుగు అలవాటు పక్కన పెట్టండి. గురులఘువులు పలికే కాలాన్ని బట్టి వస్తాయి, ఇంగ్లిష్ లయ ఒత్తును (స్ట్రెస్, అంటే మాటలో ఒక భాగాన్ని నొక్కి పలకడాన్ని) బట్టి నడుస్తుంది. పైగా 'ఫుట్' అంటే పద్యపాదం కాదు, గణం లాంటిది. ఒత్తు లేని సిలబుల్ తర్వాత ఒత్తున్నది వస్తే అయాంబ్. అలాంటివి ఐదైతే అయాంబిక్ పెంటామీటర్, మామూలుగా పది సిలబుల్స్. డిక్షనరీలో ఒత్తు పడే సిలబుల్‌కు ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. ముందుగా రెండు మూడు సిలబుల్స్ ఉన్న మాటల్లో ఆ గీత పెట్టుకుని, తర్వాతే లైన్‌ను ఫుట్‌లుగా విడగొట్టండి.