అమ్మాయిని బాక్సింగ్ మాన్పించాలా? ముందు స్పారింగ్ ఆపండి

ప్రశ్న: సార్, మేము మల్కాజ్‌గిరిలో ఉంటాం. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. ఎనిమిదో తరగతి నుంచి బాక్సింగ్ నేర్చుకుంటోంది, జూనియర్స్‌లో స్టేట్ మెడల్ కూడా వచ్చింది. నిఖత్ జరీన్‌లా అవుతానంటుంది. పోయిన నెల ప్రాక్టీస్‌లో తనకంటే బరువైన అబ్బాయితో ఆడుతుంటే కణత మీద దెబ్బ తగిలింది. పడిపోలేదు, స్పృహ తప్పలేదు. కానీ ఆ సాయంత్రం రెండుసార్లు వాంతి చేసుకుంది, వారం రోజులు పుస్తకం పట్టుకోలేకపోయింది, ట్యూబ్‌లైట్ వేస్తే కళ్లు మూసుకునేది. కోచ్ "ఇవన్నీ మామూలే, హెడ్‌గార్డ్ ఉందిగా" అన్నారు. ఇప్పుడు మళ్లీ వెళ్తోంది, వచ్చే నెల సెలక్షన్స్ అట. స్పోర్ట్స్ కోటాలో సీటో, పోలీసు ఉద్యోగమో వస్తుందని వాళ్ల నాన్న ఆశ. తలకి దెబ్బలు తిన్న ఆటగాళ్లకి మెదడు జబ్బు వస్తుందని చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. మాన్పించమంటారా?

జవాబు: అమ్మా, మాన్పించాలా వద్దా అన్నది కాసేపట్లో మాట్లాడదాం. ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. అమ్మాయిని స్పారింగ్ నుంచి, అంటే ప్రాక్టీస్‌లో ఎదురుగా మనిషితో కొట్టుకుంటూ ఆడే రౌండ్ల నుంచి ఆపండి. బాక్సింగ్ నుంచి కాదు, స్పారింగ్ నుంచి. మీరు రాసిన లక్షణాలు, అంటే వాంతులు, వెలుతురు పడకపోవడం, వారం రోజులు చదవలేకపోవడం, ఇవన్నీ కంకషన్ వైపే చూపిస్తున్నాయి. కంకషన్ అంటే స్పృహ తప్పి కింద పడాలని చాలామంది అనుకుంటారు, కోచ్‌లు కూడా. కానీ ఎక్కువమందికి స్పృహ అసలు పోదు. తల విసురుగా కదిలినప్పుడు లోపల మెదడు కుదుపుకి గురై కొన్నాళ్లు సరిగ్గా పనిచేయదు, అంతే సంగతి. స్కాన్ తీస్తే చాలాసార్లు నార్మల్ అనే వస్తుంది. రక్తస్రావం ఉందా, ఎముక విరిగిందా అని చూడటానికి స్కాన్ కావాలి, కానీ రిపోర్టు నార్మల్ వచ్చినంత మాత్రాన కంకషన్ లేదని కాదు.

ఇప్పటిదాకా డాక్టర్‌కి చూపించలేదనే మీ ఉత్తరం చదివితే అర్థమైంది. గాంధీలో గానీ నిమ్స్‌లో గానీ న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్లండి, లేదా మీకు తెలిసిన న్యూరాలజిస్టు దగ్గరికి. జరిగింది జరిగినట్టు చెప్పండి. తలనొప్పి ఇంకా వస్తోందా, నిద్ర ఎలా ఉంది, చదివింది గుర్తుంటోందా, ఊరికే చిరాకు పడుతోందా, ఇవన్నీ వెళ్లేముందే ఒక కాగితం మీద రాసుకోండి, అక్కడికి వెళ్లాక సగం మర్చిపోతాం. ఒకవేళ తలనొప్పి పెరుగుతూ పోయినా, మాట తడబడినా, మగతగా ఉండి లేపితే లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా ఓపీ దాకా ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకే. మొదటి దెబ్బ పూర్తిగా మానకముందే ఇంకో దెబ్బ తగిలితే, అరుదుగానే అయినా, మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణం మీదకి వస్తుంది. అలా జరిగిన కేసుల్లో ఎక్కువమంది ఈ వయసు పిల్లలే. అందుకే ఆపమని ఇంత గట్టిగా అంటున్నాను.

డాక్టర్ సరే అన్నాక కూడా వరస ఒకటుంది. ముందు కాలేజీ, చదువు మామూలుగా సాగాలి. తర్వాత నడక, మెల్లగా పరుగు. ఆ తర్వాత స్కిప్పింగ్, షాడో (ఎదురుగా ఎవరూ లేకుండా గాలిలో పంచ్‌లు), ఆపైన బ్యాగ్ మీద, కోచ్ పట్టుకునే ప్యాడ్స్ మీద పంచ్‌లు. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు ఇవ్వాలి, లక్షణాలు తిరగబెడితే ఒక మెట్టు కిందికి దిగాలి. స్పారింగ్ అన్నిటికంటే చివర, అదీ డాక్టర్ రాసిచ్చాకే. పోటీల్లో తల దెబ్బతో బౌట్ ఆపేస్తే కనీసం 30 రోజులు రింగ్‌కి దూరంగా ఉండాలని బాక్సింగ్ నిబంధనల్లోనే ఉంది. ప్రాక్టీస్‌లో తగిలిన దెబ్బకి ఆ లెక్క రాసేవాళ్లు ఉండరు కాబట్టి పిల్లలు మర్నాడే గ్లవ్స్ వేసుకుంటారు.

ఇక మీకు నిద్ర లేకుండా చేస్తున్న జబ్బు సంగతి. దాని పేరు క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి, సీటీఈ అంటారు. కొత్తదేం కాదు. 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ డాక్టర్ బాక్సర్లలో తడబడే నడకని, మందగించే మాటని, మతిమరుపుని గమనించి రాశాడు. చాలాకాలం అది బాక్సర్ల జబ్బుగానే ఉండిపోయింది. 2002లో పిట్స్‌బర్గ్‌లో బెన్నెట్ ఒమాలు అనే డాక్టర్, 50 ఏళ్లకే చనిపోయిన మైక్ వెబ్‌స్టర్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, ఒకరినొకరు ఢీకొట్టుకునే ఆట) ఆటగాడి మెదడుని పరీక్షించి, అక్కడా అదే జబ్బు చూశాడు. టౌ అనే ప్రొటీన్ పాడై, మెదడు మడతల లోతుల్లో, సన్నని రక్తనాళాల చుట్టూ పేరుకుంటుంది, ఏళ్ల తరబడి నెమ్మదిగా పాకుతుంది. మనిషి బతికుండగా ఈ జబ్బుని ఖాయంగా నిర్ధారించే పరీక్ష లేదు, నయం చేసే మందూ లేదు.

మీరు చదివింది బహుశా బోస్టన్ యూనివర్సిటీ లెక్క అయ్యుంటుంది. 2017లో వాళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడిన 111 మంది మెదళ్లు పరీక్షిస్తే 110 మందిలో సీటీఈ కనిపించింది. చదవగానే గుండె ఆగినంత పనవుతుంది. కానీ ఆ మెదళ్లని దానం చేసింది ఇంట్లో మనిషి మారిపోవడం కళ్లారా చూసిన కుటుంబాలు, అంటే ముందే అనుమానం ఉన్నవాళ్లు. ఆడిన ప్రతి వందమందిలో 99 మందికి వస్తుందని దాని అర్థం కాదు. అలాగని కొట్టిపారేయనూ లేం. 2023లో అదే యూనివర్సిటీ వాళ్లు 30 ఏళ్లలోపే చనిపోయిన 152 మంది ఆటగాళ్ల మెదళ్లు చూశారు, 63 మందిలో ఉంది, చాలావరకు తొలి దశల్లో. ఇదీ దానంగా వచ్చిన మెదళ్ల లెక్కే, అయినా అంత చిన్న వయసులో మొదలవుతుందన్నది మాత్రం నిజం. ఆడవాళ్ల సంగతైతే మొన్నమొన్నటిదాకా పట్టించుకున్నవాళ్లే తక్కువ. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ (ఇదీ ఢీకొట్టుకునే ఆటే) క్రీడాకారిణి హెదర్ ఆండర్సన్ 2022లో 28 ఏళ్లకే చనిపోయింది, మరుసటి ఏడాది ఆమె మెదడులో ఈ జబ్బు బయటపడింది. ప్రొఫెషనల్ క్రీడాకారిణుల్లో అది మొదటి కేసు.

ఈ పరిశోధనలన్నిటిలోంచి మీ ఇంటికి పనికొచ్చే ముక్క ఒకటే, దయచేసి దీన్ని వాళ్ల నాన్నకి కూడా చదివి వినిపించండి. ఒక్క దెబ్బతో సీటీఈ రాదు. పోయిన నెల దెబ్బ తలుచుకుని అమ్మాయి జీవితం పాడైపోయిందని మీరు కుమిలిపోవాల్సిన పనిలేదు. ప్రమాదాన్ని పెంచేది మొత్తం లెక్క, ఎన్నేళ్లు ఆడారు, ఎన్నిసార్లు తల కుదుపుకి గురైంది అని. తలనొప్పి కూడా రాని చిన్న దెబ్బలు, ఎవరూ గుర్తుపెట్టుకోనివి, అవీ ఆ లెక్కలోకి వస్తాయి. మరి అవి ఎక్కడ తగులుతాయి? ఏడాదికి నాలుగైదు టోర్నమెంట్లలో కాదు, వారం వారం జిమ్‌లో జరిగే స్పారింగ్‌లో. అక్కడ మెడల్ లేదు, సర్టిఫికెట్ లేదు, ఏ కోటాలోనూ చూపించుకునే కాగితం లేదు. అమ్మాయి కెరీర్‌కి పైసా కలపని చోటే తల ఎక్కువ అరుగుతోందన్నమాట. నేను పట్టుబట్టేది ఇక్కడే.

హెడ్‌గార్డ్ ఉందిగా అన్న మాటకి ఒక్క సంగతి చెప్తాను. కొబ్బరిబోండానికి పీచు ఎంత మందంగా ఉన్నా, పట్టుకుని ఊపితే లోపల నీళ్లు ఊగుతాయి కదా. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా, కనుబొమ్మ తెగకుండా కాపాడుతుంది. మెదడు కుదుపుని ఆపుతుందని నమ్మడానికి ఆధారాలు లేవు. 2013లో అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం మగవాళ్ల ఎలీట్ (సీనియర్) పోటీల్లో హెడ్‌గార్డ్‌లే తీసేసింది, 2016 రియో ఒలింపిక్స్‌లో అవి లేకుండానే ఆడారు. అది మంచి నిర్ణయమా కాదా అన్న వాదన ఇంకా ఉంది గానీ, హెడ్‌గార్డ్ ఉంది కాబట్టి ఎంత గట్టిగానైనా కొట్టుకోవచ్చు అనే ధీమా మాత్రం తప్పు.

కోచ్ దగ్గరికి మీరిద్దరూ కలిసి వెళ్లండి. గొడవకి కాదు, అడగడానికి. వారంలో ఎన్నిరోజులు స్పారింగ్, అందులో గట్టిగా కొట్టుకునేది ఎన్ని రౌండ్లు, తలకి కాకుండా ఒంటికే పరిమితమయ్యే రౌండ్లు పెట్టగలరా, జోడీని బరువు చూసి కలుపుతున్నారా. పదహారేళ్ల అమ్మాయిని తనకంటే బరువైన అబ్బాయితో దింపడం నాకు అస్సలు నచ్చలేదు, "గట్టిపడుతుంది" అనే మాట చాలా జిమ్‌లలో వింటాం, కండ గట్టిపడుతుంది, మెదడు గట్టిపడదు. టెక్నిక్, ఫుట్‌వర్క్, డిఫెన్స్ ఇవన్నీ ప్యాడ్స్ మీద, బ్యాగ్ మీద, తేలిక రౌండ్లలో వస్తాయి. మంచి కోచ్ అయితే మీరు అడిగినందుకు సంతోషిస్తారు. "భయపడితే ఇంట్లో కూర్చోబెట్టుకోండి" అంటే మాత్రం ఇంకో కోచ్‌ని వెతకండి, హైదరాబాద్‌లో ఆయన ఒక్కరే లేరు.

అమ్మాయి చేత ఒక నోట్‌బుక్ పెట్టించండి. తేదీ, ఎన్ని రౌండ్లు, ఎవరితో, తలకి గట్టిగా తగిలిందా, రాత్రి తలనొప్పి ఉందా, మర్నాడు బోటనీ పాఠం ఎక్కిందా. రోజుకి రెండు లైన్లు చాలు. సెలక్షన్స్ ముందు పిల్లలు తలనొప్పి దాచేస్తారు, ఇంట్లో తెలిస్తే పంపరని భయం. చెప్పినందుకు ఆట పోదు, చెప్పకపోతేనే పోతుంది అని తనకి నమ్మకం కుదరాలి. అందుకే గ్లవ్స్ లాక్కుని బీరువాలో పెట్టే పని చేయకండి. (మీకు కబడ్డీ ఆడే బంధువుల పిల్లలుంటే వాళ్లకీ ఇదే చెప్పండి, వెనక్కి పడి తల మ్యాట్‌కి కొట్టుకున్నా ఎవరూ లెక్కచేయరు, నీళ్లు చల్లి లేపుతారు.)

వాళ్ల నాన్న ఆశ గురించి నిజం చెప్పాలి. నిఖత్ నిజామాబాద్ అమ్మాయి, 2011లో జూనియర్ ప్రపంచ చాంపియన్, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్, 2024లో డీఎస్పీ ఉద్యోగం. ఆ ఉద్యోగం స్టేట్ మెడల్‌కి వచ్చింది కాదు. కోటా ఏదైనా అంతర్జాతీయ, జాతీయ పతకాల తర్వాతే స్టేట్ మెడల్ వంతు, పైగా ఏ ఆటలు, ఏ స్థాయి లెక్కకొస్తాయో నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. కాబట్టి కోటా వస్తే కలిసొచ్చిందనుకోండి, దాన్నే నమ్ముకోకండి. నీట్ రాసినా ఎప్‌సెట్ రాసినా అమ్మాయి వాడాల్సింది ఆ మెదడునే.

బైపీసీ తీసుకోవడం మాత్రం మంచిదైంది. ఫిజియోథెరపీ చదివి స్పోర్ట్స్ వైపు వెళ్లొచ్చు, రింగ్‌లో దెబ్బ తిన్న అనుభవం ఉన్న ఫిజియోని ఆటగాళ్లు ఎక్కువ నమ్ముతారు. డిగ్రీ తర్వాత బీపీఎడ్ చేసి పీఈటీ కావచ్చు, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా ఉంది, రిఫరీ-జడ్జి దారి కూడా ఉంది. ఇవన్నీ ఇప్పుడే తేల్చక్కర్లేదు, కానీ బాక్సింగ్ అంటే దెబ్బలు తినడం ఒక్కటే కాదని అమ్మాయికి తెలిస్తే మంచిది.

ఇక మీ ప్రశ్నకి నా జవాబు. మాన్పించకండి. వచ్చే నెల సెలక్షన్స్‌కి మాత్రం పంపకండి, డాక్టర్ రాసిచ్చేదాకా తల మీద దెబ్బ పడే ఏ ప్రాక్టీసూ వద్దు. తను ఏడుస్తుంది, అలుగుతుంది, రెండ్రోజులు అన్నం కూడా మానేస్తుందేమో, అయినా ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి. ఫిట్‌నెస్, ఫుట్‌వర్క్ చేసుకోనివ్వండి. తిరిగి మొదలుపెట్టాక ఏడాదిలోపు ఇంకో కంకషన్ అయితే, నా సలహా పోటీ బాక్సింగ్ ఆపేయమనే, అప్పుడు డాక్టర్ ఏమంటారో అమ్మాయి ఎదురుగానే అడగండి, మీ నోట కంటే ఆయన నోట వింటే ఎక్కువ ఎక్కుతుంది. డాక్టర్ ఏం చెప్పారో, కోచ్ ఆ నాలుగు ప్రశ్నలకి ఏమన్నారో నాకు రాయండి. ఈసారి అమ్మాయిని కూడా తన మాటల్లో ఒక పేజీ రాయమనండి, ఆమెకి విడిగా జవాబిస్తాను.