డౌన్‌పైప్‌కి 70 వేలట, టైర్లకు మాత్రం రూపాయి లేదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కొండాపూర్‌లో ఉంటాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి నెలకు 1.38 లక్షలు వస్తాయి. భార్య, ఐదేళ్ల బాబు. పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో 2018 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ తీసుకున్నాను, ఈఎంఐ 34 వేలు. అద్దె, ఫీజులు, ఈఎంఐ అన్నీ పోగా నెలకు 20 వేలు మిగులుతాయి. కారుని స్టేజ్ 2 (ఇంజన్ సాఫ్ట్‌వేర్‌తో పాటు కొన్ని పార్టులు కూడా మార్చి పవర్ పెంచడం) చేయించాలని ఉంది, వర్క్‌షాప్ వాళ్లు 4 లక్షల కొటేషన్ ఇచ్చారు. బ్యాంకులో ఉన్న 90 వేలు కదపకుండా 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకోనా, లేక మా ఆవిడ బంగారం మీద గోల్డ్ లోన్ తీసుకోనా? ఏ అప్‌గ్రేడ్‌లకు డబ్బు పెడితే దండగ కాదు?

జవాబు: రెండు లోన్లూ వద్దు. ఆవిడ బంగారం జోలికి అసలు వెళ్లకండి, ఆ ఆలోచన ఆవిడకు తెలుసో లేదో కూడా మీరు రాయలేదు. ఇలాంటి మెయిల్స్ ఈమధ్య ఎక్కువయ్యాయి, కారు బదులు కొందరికి బైకు, కొందరికి కెమెరా, అప్పు మాత్రం అందరిదీ ఒకటే. అందుకే ఇక్కడే జవాబు రాస్తున్నాను.

లెక్క చూడండి. 4 లక్షలు 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 13,700, వడ్డీయే 92 వేల చిల్లర. మీకు మిగిలే 20 వేలల్లో ఇక చేతిలో ఉండేది ఆరు వేల పైచిలుకు. దాంతో ఒక సర్వీస్ బిల్లు కూడా కట్టలేరు, ఇంక ఈ కారుకి గేర్‌బాక్స్‌లో మెకట్రానిక్స్ (గేర్లు మార్చే ఎలక్ట్రానిక్ యూనిట్) ఏదైనా మొండికేస్తే ఏ కార్డు గీకుతారు?

మీ ఇంటి ఖర్చు నెలకు 1.18 లక్షలు, బ్యాంకులో ఉన్నది 90 వేలు. అంటే రేపు మేనేజర్ పిలిచి హెచ్‌ఆర్ మెయిల్ చూపిస్తే మీకు నెల కూడా గడవదు. ఆరు నెలల ఖర్చు, అంటే ఏడు లక్షల పైన, పక్కన ఉండాలి. ఒకేసారి రాదు, తెలుసు. ముందు మూడు నెలలది, 3.5 లక్షలు, పోగెయ్యండి. నెలకు 20 వేలు కదలకుండా వేస్తే ఏడాదికి కాస్త పైన పడుతుంది, బోనస్ వస్తే ఇంకా ముందే. స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకి కలిపి ఉండే డిపాజిట్) పెడతారో లిక్విడ్ ఫండ్‌లో పెడతారో మీ ఇష్టం, అడిగిన రోజే లేదా మర్నాటికి చేతికి రావాలి, అంతే. "నా ఉద్యోగానికేం కాదు సార్" అని నాతో అన్నవాళ్లే తర్వాత ఫోన్ చేసి ఈఎంఐ వాయిదా వేయించుకోవడం ఎలా అని అడుగుతుంటారు, అప్పటికి సిబిల్ స్కోరు పడిపోయి ఉంటుంది. ఇంకోటి, ఇల్లంతా మీ జీతం మీదే నడుస్తోంది, టర్మ్ పాలసీ మాట మాత్రం మెయిల్‌లో ఎక్కడా లేదు. ఈ నెలలోనే తీసుకోండి. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది, అదీ చూసుకోండి.

ఇప్పుడు కొటేషన్. మ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం) 65 వేలు, డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పంపే గొట్టం) 70, ఇన్‌టేక్ (ఇంజన్‌కి గాలి అందించే భాగం) 35, కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల సస్పెన్షన్) 1.2 లక్షలు, అలాయ్ వీల్స్ 90, లేబర్ 20. ఇందులో బ్రేకులు లేవు, టైర్లు లేవు. మీరు పంపిన ఫొటోలో టైరు పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు 3118 అని ఉన్నాయి, అంటే 2018లో 31వ వారం తయారైంది. కారుతో వచ్చిన టైర్లే అవి! అరగకపోయినా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, వానలో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి బ్రేకు కొడితే తెలుస్తుంది. కంపెనీ ఇచ్చిందే 230 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్లు, దాన్నే ఈ టైర్లు రోడ్డుకి దించలేవు, ఇంకా పెంచి ఏం చేస్తారు.

కాబట్టి దండగ కానివి ఇవి: మంచి టైర్లు నాలుగు (50 వేల పైనే అవుతుంది), మంచి బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ (రెండేళ్లకోసారి మార్చాల్సిందే, తేమ పీల్చుకుంటుంది), వీల్ అలైన్‌మెంట్. డీఎస్‌జీ (ఈ కారు ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఆయిల్ 60 వేల కిలోమీటర్లకు మార్చారో లేదో పాత ఓనర్ బిల్లుల్లో చూడండి. ఈ ఇంజన్‌లో వాటర్ పంప్, థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర కూలెంట్ లీకవడం మామూలే, అదీ చూపించండి. టైర్లు మాత్రం ఆగొద్దు, ఆ 90 వేలలోంచే తీసి వేయించి, తర్వాత నింపండి. అత్యవసరానికి దాచినదాంట్లోంచి తియ్యమని నేను చెప్పడం అరుదు.

అలాయ్ వీల్స్ అందానికే, బరువైనవి వేస్తే కారు ఇంకా మొద్దుబారుతుంది. కాయిలోవర్లు మన స్పీడ్ బ్రేకర్లకు మీ నడుముకి తెలుస్తాయి. ఇన్‌టేక్ శబ్దం బాగుంటుంది, అంతకుమించి చెప్పుకోడానికి ఏం లేదు. డౌన్‌పైప్ మారిస్తే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (పొగలో విషవాయువులు తగ్గించే భాగం) కదిలించినట్టే, పొల్యూషన్ టెస్టుతో పాటు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 గొడవ కూడా ఉంది. అనుమతి లేని మార్పులకు ఒక్కోదానికి 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. జరిమానా సంగతి అటుంచి, చెప్పకుండా మ్యాప్ చేయించిన కారు గుద్దుకుంటే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ కొట్టేయడానికి మీరే కారణం రాసిచ్చినట్టు. ఈఎంఐ మాత్రం ఆగదు, తుక్కయిన కారుకి ఇంకా 34 వేలు కడుతూ ఉంటారు.

మ్యాప్ మోజు అప్పటికీ తీరకపోతే, 3.5 లక్షలు నిండాక, డౌన్‌పైప్ లేకుండా స్టేజ్ 1 (మ్యాప్ మాత్రమే) ఒక్కటే, సొంత డబ్బుతో, ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పి చేయించండి. గేర్‌బాక్స్ క్లచ్‌ల మీద భారం పెరుగుతుంది, దానికీ కొంత పక్కన పెట్టుకోవాలి. ఓఆర్ఆర్ మీద గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లే. నిజంగా తొక్కాలని ఉంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో ట్రాక్ డేకి (మన కారు ట్రాక్ మీద నడపనిచ్చే రోజు) వెళ్లండి, కొత్త టైర్లతో. కారు ఇన్సూరెన్స్ పాలసీ ట్రాక్ మీద వర్తించదు, అది మాత్రం చదివి వెళ్లండి.